అయిదింట నాలుగు

తల తిరుగుతోందని మెడలోని రక్తనాళాలకు డాప్లర్ స్కానింగు చేయించుకుంటే, నాళాలలో దోషమేమీ లేదు గానీ పక్కనున్న థైరాయిడ్ గ్రంథిలో రెండు గడ్డలున్నాయని తేలింది. కుడివైపుది 16 మిల్లీమీటర్లు, ఎడమవైపుది 6. తల తిరుగుడు దానంతటదే తగ్గిపోయింది, గడ్డల బెంగ మాత్రం ఇంట్లో మకాం వేసింది.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, ఆఫీసులకు ఒడియాలో అర్జీలు పెట్టుకుంటాం, పెద్ద జబ్బంటే బరంపురమా, విశాఖా అని తర్జనభర్జన పడతాం. థైరాయిడ్‌కు విడిగా తీయించిన స్కానింగు రిపోర్టులో కుడి గడ్డకు ‘టిరాడ్స్ 4’ అని రాసి ఉంది. దానిని నా చేతికిచ్చినాయన, మరొకరి కాగితాలు సర్దుకుంటూనే, “అయిదింట నాలుగొచ్చిందమ్మా, ఆలస్యం చేయకండి” అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన పేరు రాయను గాని ఆ మాటను ఈనాటికీ క్షమించలేదు.

నాలుగంటే క్యాన్సర్ నాలుగో దశేనని నేనూ మా వారూ పైకి అనకుండానే అనుకున్నాం. ఆ రాత్రి గుటక వేసినప్పుడల్లా ఏదో అడ్డుపడుతున్నట్టు తోచింది. ముందురోజు వరకు ఆ గొంతుతోనే బడిలో పిల్లలకు పద్యాలు చదివి వినిపించాను. మా అత్తగారు దీపం వెలిగించి, అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుని, “సూది మాత్రం గుచ్చనివ్వకమ్మా, గుచ్చితే రాచపుండు పాకుతుందట” అన్నారు. ఆవిడ ప్రేమకొద్దీ అన్నారని తెలుసు, అయినా ఆ మాటతో చేతులు చల్లబడ్డాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, మా వారు బీరువా దగ్గర నిలబడి అమ్మాయి పేరున ఉన్న పోస్టాఫీసు పాసుబుక్కు చూస్తున్నారు. నన్ను చూసి గబుక్కున చీరల కింద దాచేశారు.

తరువాత రక్తపరీక్షలో, థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ సరిగానే ఉంది. మా ఊళ్ళోనే ఒకరు గడ్డను చేత్తో తడిమి, స్కానింగు సాయం లేకుండానే, సూదితో కణాలు తీసి చూసే సూది పరీక్ష చేశారు. రిపోర్టులో ‘బెథెస్డా 1’ అని వచ్చింది. నాలుగు కాస్తా ఒకటికి దిగిందని ఇంటిల్లిపాదీ సంబరపడి వీధంతా మిఠాయి పంచాం. దాని అర్థమేమిటో విశాఖ వెళ్ళేదాకా ఎవరూ చెప్పలేదు.

చెప్పింది అక్కడి పాథాలజీ డాక్టరమ్మ. బెథెస్డా అంటే సూదితో తీసిన కణాలను చూసి వేసే తరగతి, అందులో ఒకటంటే మంచిదని కాదట. సూదిలోకి చాలినన్ని కణాలు రాలేదు కనుక ఏమీ తేల్చలేమని. టిరాడ్స్ కూడా దశ కాదు. గడ్డ గట్టిదా, నీటిదా, చుట్టూ ఉన్న గ్రంథికన్నా నల్లగా కనిపిస్తోందా, వెడల్పుకన్నా నిలువు ఎక్కువా, అంచులు చెదిరి ఉన్నాయా, లోపల తెల్లని సన్నని చుక్కలున్నాయా అని చూసి, మార్కులు కలిపి, అనుమానం ఏపాటిదో చెప్పే తరగతి మాత్రమే. నాలుగో తరగతి గడ్డ 15 మిల్లీమీటర్లకు చేరితే సూది పరీక్ష చేస్తారు, 10కి చేరితే కనిపెట్టుకుని ఉంటారు. స్పాంజిలా కనిపిస్తున్న నా ఎడమ గడ్డ జోలికే వెళ్ళనక్కరలేదన్నారు. సూది వల్ల క్యాన్సర్ పాకడం అత్యంత అరుదని, గడ్డలలో అధికభాగం ప్రమాదం లేనివేనని కూడా ఆవిడే చెప్పారు. ఈ నాలుగు ముక్కలు మొదటే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పాసుబుక్కు బీరువా దాటేది కాదు.

భుజాల కింద దిండు పెట్టి, మెడ వెనక్కి వంచి, గుటక వేయవద్దన్నారు. స్కానింగు తెరమీద సూది మొన గడ్డలోకి దిగడం చూస్తూ పరీక్ష చేశారు. డాక్టరమ్మ పెన్సిలుతో నా పేరు రాసిన గాజుపలకమీద ఆ చుక్కను పరిచి, పక్కగదిలో అప్పటికప్పుడే కణాలు చాలునో లేదో చూసి వచ్చి, “చాలమ్మా, ఇంక గుటక వేయండి” అన్నారు. ఆవిడ చల్లగా ఉండాలి. ఫలితం బెథెస్డా 2, అంటే క్యాన్సర్ కానిది.

ఇది విని మా వీధి ఆడవాళ్ళు తామూ మెడ స్కానింగు చేయించుకుంటామంటే వారిస్తున్నాను. దక్షిణ కొరియాలో 1999 తరువాత ఆరోగ్యపరీక్షలతో పాటు మెడ స్కానింగులూ విచ్చలవిడిగా చేస్తే, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్లు 1993 నాటికన్నా 15 రెట్లు బయటపడ్డాయి, ఆ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య మాత్రం మారలేదు. మెడలో గడ్డ చేతికి తగిలినా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా ఆలస్యం చేయకూడదు, అది వేరే సంగతి.

అరసవల్లి మొక్కు తీర్చుకున్నాం. సూది వద్దన్న అత్తగారే ఇప్పుడు, కొలతలు పోల్చడానికి కావాలన్న పాత రిపోర్టును స్వామి ప్రసాదం పొట్లంతో కలిపి దాచి, ఏడాదికి చేయించవలసిన స్కానింగు ఎప్పుడని అడుగుతున్నారు.