గజాల లెక్క కుదరని ఊరు

శిక్షణకు వచ్చే విదేశీయులకిచ్చే జె-1 వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) పూర్తి చేసిన వైద్యులు స్వదేశానికి తిరిగి వెళ్లకుండా అమెరికాలోనే ఉండాలంటే, వైద్యులు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయడం ఒక మార్గం. 1994లో మొదలైన ఆ కాన్‌రాడ్ పథకం కిందే నేను మధ్య ఇల్లినాయ్‌లోని ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. దానికి పన్నెండు మైళ్ల దూరంలో, మొక్కజొన్న, సోయా చేల నడుమ ఆరేడు వందల జనాభా ఉన్న విలేజ్ మాది. ఇల్లినాయ్‌లో విలేజ్ అంటే ఎన్నికైన ప్రెసిడెంటు, సాధారణంగా ఆరుగురు ట్రస్టీలు ఉండే స్థానిక సంస్థ. అద్దె ఇల్లు ఒక్కటీ దొరకక, వచ్చిన ఏడాదికే ఇల్లు కొనవలసి వచ్చింది.

ఆ మాట ఫోనులో చెప్పగానే నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని గజాలమ్మా?" అని. సుమారు పదిహేను వందల గజాలన్నాను. "మరి గజం ఎంత పడింది?"

జవాబు కోసం, పన్నుకు ఆస్తుల విలువ కట్టే కౌంటీ కార్యాలయంలోని మా ఇంటి కార్డు తీసి చూశాను. ఇక్కడ పన్ను కోసం మార్కెట్ విలువలో మూడో వంతునే లెక్కిస్తారు కనుక, కార్డులోని అంకెలను మూడుతో హెచ్చవేస్తే స్థలం 9,000 డాలర్లు, కట్టడం 96,000 డాలర్లు అని తేలింది. అంటే గజం ఆరు డాలర్లు. హైదరాబాదులో పాత ఇల్లు అమ్మితే ధర పలికేది స్థలమే, గోడలు కూల్చివేతకే లెక్క. ఇక్కడ అది పూర్తిగా తలకిందులైంది. రోడ్డు, నీళ్లు, మురుగు గొట్టం అన్నీ ఉన్న నా జాగా, వెనక కంచె అవతలి నల్లమట్టి చేనుకంటే గజానికి రెండు మూడింతలకు మించి పలకదు. ఆ చేనుకు పన్ను వేసేది కూడా అమ్మకపు ధరను బట్టి కాదు, నేల ఎంత పండుతుందన్న సూచికను బట్టి.

ఇక ఆ 96,000 డాలర్ల కట్టడం సంగతి. నూరేళ్లు దాటిన చెక్క ఇల్లు. అటక మీద పాత కరెంటు తీగలను మోసిన పింగాణీ గుబ్బలు ఇంకా దూలాలకు అంటుకునే ఉన్నాయి. 1978కి ముందు కట్టిన ఇల్లు కావడంతో, సీసం కలిసిన రంగు గురించిన హెచ్చరిక పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. బేస్‌మెంటు గోడలు సున్నపురాతివి. వసంతంలో మంచు కరిగి పైన వాన కూడా పడితే, మూలనున్న గుంటలో ఊరే నీటిని తోడే సంప్ పంపు రాత్రంతా నిమిషానికోసారి గుర్రుమని లేచి ఆగుతుంటుంది. అది ఆగిపోయిన రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు పంపిన అప్రైజరుకు పోల్చి చూడడానికి ఆ ఏడాది మా ఊళ్లో అమ్ముడైన ఇళ్లు రెండే దొరికాయి. అందులో ఒకటి కప్పు కారుతున్నది. మూడోదాన్ని ఎనిమిది మైళ్ల అవతలి ఊరి నుంచి తెచ్చి, చివరకు మేము ఒప్పుకున్న ధరకంటే 7,000 డాలర్లు తక్కువ కట్టాడు. అప్పు ఆ తక్కువ అంకె మీదే ఇస్తారు. ఇల్లు అమ్ముతున్న పెద్దావిడ సగం తగ్గించారు, మిగతా సగం నేను చేతి నుంచి వేసుకున్నాను. కారే కప్పు ఒకటి వీధి మొత్తం ధరను కిందికి లాగడం నాకు అన్యాయంగానే తోచింది గానీ, అమ్మకాలే లేని చోట ధర నిలబడడానికి ఆధారం ఏముంటుంది?

బీమా కంపెనీ మాత్రం ఇదే ఇంటిని మళ్లీ కట్టాలంటే మూడు లక్షల డాలర్లు దాటుతుందని, ఆ లెక్కన ప్రీమియం వేసింది. కట్టడానికి మూడు లక్షలు, అమ్మితే లక్ష. ఊళ్లో కొత్త ఇల్లు ఎందుకు లేవదో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఉన్నవాటిలో ఏదైనా కాలిపోయినా, వారసులు పట్టించుకోక కూలినా ఆ జాగాలో గడ్డే మిగులుతుంది. మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు అద్దె ఇల్లు దొరకక రోజూ నలభై మైళ్లు కారు నడుపుతోంది.

పోయిన వేసవిలో నాన్నగారు వచ్చారు. మర్నాడు ఉదయమే చెప్పులేసుకుని పెరడంతా అడుగులతో కొలిచి, మేపుల్ చెట్టు కింద నిలబడి "ఇక్కడ రెండు పోర్షన్లు వేసి అద్దెకివ్వచ్చు కదమ్మా, ఆ నర్సమ్మాయే ఉంటుంది" అన్నారు. లెక్క వేసి చూడండి నాన్నగారూ అని, ఏటా రెండు వేల నాలుగు వందల డాలర్ల పైచిలుకు కట్టే నా ఆస్తిపన్ను బిల్లు వచ్చిన కవరూ పెన్నూ ఇచ్చాను. కట్టుబడి ఖర్చు, పన్ను, బీమా, ఇక్కడ రాగల అద్దె అన్నీ రాసుకున్నారు. రెండోసారి కూడిక సరిచూసుకుని, కవరు మడిచి జేబులో పెట్టుకుని, "కాఫీ పెడతావా?" అన్నారు.