తగ్గించారా, తగ్గించి చెప్పారా?

ఇంగ్లిష్‌లో వచ్చే ఏజెన్సీ వార్తల్ని తెలుగు చేయడం నా పని. ఇందులో నన్ను ఆపేవి కొరుకుడుపడని మాటలు కావు, అందరికీ తెలిసిన క్రియలే. ముఖ్యంగా ఒక విషయాన్ని ఉన్నదానికంటే చిన్నదిగా చూపించడం అనే అర్థమిచ్చేవి: డౌన్‌ప్లే, మినిమైజ్, బిలిటిల్, ట్రివియలైజ్, అండర్‌స్టేట్, గ్లాస్ ఓవర్. అన్నింటికీ ‘తక్కువ చేయు’ అని రాసేస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఎవరి మీద నింద పడుతోందన్నది అక్కడే మారిపోతుంది.

అన్నింటిలోకీ మినిమైజ్‌తో నాకు టెన్షన్ ఎక్కువ. ‘ద కంపెనీ మినిమైజ్డ్ ద రిస్క్స్’ అనే వాక్యం చూడండి. ప్రమాదాలను వీలైనంత తగ్గించిందనీ అనుకోవచ్చు, ప్రమాదాలను తక్కువ చేసి చెప్పిందనీ అనుకోవచ్చు. మొదటిది మెప్పు, రెండోది ఆరోపణ. ఇంగ్లిష్ వాక్యం రెండింటినీ కడుపులో పెట్టుకుని కూర్చుంటుంది, తెలుగులో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. అందుకే ముందు పేరా, వెనక పేరా చదువుతాను. తనిఖీలు, భద్రతా పరికరాల ప్రస్తావన ఉంటే సాధారణంగా మొదటి అర్థం. బాధితులు, దర్యాప్తు, దాచిన నివేదికలు కనిపిస్తే రెండోది. ఈ మాటను పుట్టించింది ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథామ్. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆయన వాడింది నిజంగా తగ్గించడమనే అర్థంలోనే. చెప్పడంలో తగ్గించడమనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు రోగి మినిమైజ్ చేస్తున్నాడని డాక్టర్ రాస్తే, నొప్పి తగ్గిందని కాదు, నొప్పిని తక్కువ చేసి చెబుతున్నాడని. దీన్ని తిరగేసి అనువదిస్తే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా!

డౌన్‌ప్లే తీరు వేరు. ‘మంత్రి ఆందోళనలను డౌన్‌ప్లే చేశారు’ అని ఏజెన్సీ రాసిందంటే, ఆ ఆందోళనల్లో నిజముందన్న తీర్పు క్రియలోనే ఇమిడి ఉంటుంది. అసలు ఆయన అన్నది ‘కంగారు పడాల్సిన పని లేదు’ అని మాత్రమే కావచ్చు. వార్తలో ఆధారం కనిపిస్తే ‘తేలిగ్గా తీసిపారేశారు’ అంటాను. లేదంటే ఆయన మాటను ఆయన మాటగానే ఇచ్చి ‘అన్నారు’తో సరిపెడతాను. ‘కొట్టిపారేశారు’ అని రాసేవాళ్లున్నారు, నాకది నచ్చదు. కొట్టిపారేయడమంటే అసలు లేదనడం. డౌన్‌ప్లే చేసేవాళ్లు ఉందనే ఒప్పుకుంటారు, అంత లేదంటారు. ఎవరైనా తన ఘనతను తానే డౌన్‌ప్లే చేసుకుంటే అది వినయం కూడా అవుతుంది.

బిలిటిల్ దగ్గరికొస్తే మనిషికి తగులుతుంది. చిన్నబుచ్చడం, చులకన చేయడం అన్న మన మాటలు దీనికి చక్కగా సరిపోతాయి. దీని పుట్టుక మాత్రం జంతువుల గొడవలో ఉంది. కొత్త ప్రపంచంలోని, అంటే అమెరికా ఖండాల్లోని జంతువులు పాత ప్రపంచంలో వాటికంటే చిన్నవని ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ రాశాడు. తర్వాతి రోజుల్లో అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్‌కు ఒళ్లు మండింది. 1780లలో వర్జీనియా గురించి రాసిన పుస్తకంలో బుఫాన్ వాదాన్ని ఖండిస్తూ ఈ క్రియను వాడాడు. అంతటితో ఊరుకోక, మూస్ అనే భారీ దుప్పి చర్మాన్నీ ఎముకలనూ అమెరికా నుంచి పారిస్‌కు తెప్పించి మరీ బుఫాన్‌కు పంపించాడు. అప్పట్లో ఆ మాటకు అర్థం పరిమాణంలో చిన్నది చేయడమే. అవమానమనే అర్థం తర్వాత వచ్చింది.

అండర్‌స్టేట్ ఎక్కువగా అంకెల దగ్గర తగులుతుంది. నష్టాలను అండర్‌స్టేట్ చేశారంటే కావాలని చేశారో, లెక్క తప్పారో ఆ క్రియ చెప్పదు. మనం ‘తక్కువ చేసి చూపారు’ అని రాసేస్తే మోసమని ముద్ర వేసినట్టే. ఉద్దేశం తేలేదాకా ‘లెక్కల్లో తక్కువగా నమోదయ్యాయి’ అనడమే న్యాయం.

ట్రివియలైజ్ విషయంలో నేను మెత్తబడను. వేధింపు గురించి చెప్పుకున్న మనిషితో ‘సరదాకి అన్నాడులే’ అనడం ట్రివియలైజ్ చేయడమే. దాన్ని ‘తేలిక చేశారు’ అని రాస్తే ఆ గాయం మళ్లీ చిన్నదైపోతుంది. ‘బాధను అసలు లెక్కలోకే రానిదన్నట్టు మాట్లాడారు’ అని నిండుగానే రాస్తాను, రెండు మాటలు ఎక్కువైనా సరే. ‘లైట్ తీసుకో’ అని మనం స్నేహితుడికి చెబితే అది ఓదార్పు, ఇంగ్లిష్‌లో ఎదుటివాడి బాధను ‘మేక్ లైట్ ఆఫ్’ చేయడం మాత్రం తప్పు. వినడానికి దగ్గరగా ఉన్నాయని ఒకదాని చోట ఇంకోటి పెట్టలేం.

ఇక గ్లాస్ ఓవర్. ఇబ్బందికరమైన సంగతిని దాచకుండానే, రెండు ముక్కల్లో తేల్చి ముందుకెళ్లిపోవడం. ‘కప్పిపుచ్చారు’ అంటే ఎక్కువవుతుంది, ‘ప్రస్తావించారు’ అంటే తక్కువవుతుంది. ప్రస్తుతానికి ‘పైపైన చెప్పి దాటేశారు’ అని రాస్తున్నాను. వార్త లోపల బాగానే ఉంటుంది కానీ హెడ్డింగ్‌లో పట్టదు. ఇంతకంటే పొట్టి మాట కోసం ఇంకా వెతుకుతున్నాను.