మెంటర్‌గా ఒక బిల్లుల గుమాస్తా

పెద్ద కంపెనీలు చిన్న వ్యాపారాలకు మెంటర్లను, అంటే అనుభవంతో దారి చూపేవాళ్లను, సమకూర్చే కార్యక్రమాలకు నన్ను పిలిచినప్పుడు నా ఉద్యోగం సంగతి ముందే చెప్పేస్తాను. నేను వ్యూహాలు రాసినవాణ్ని కాను, అమ్మకాల్లో పేరు తెచ్చుకున్నవాణ్నీ కాను. పెద్ద కంపెనీ అకౌంట్స్ విభాగంలో సరఫరాదారుల బిల్లులు పాస్ చేసేవాణ్ని. ఈ మాటకు నిర్వాహకుల ముఖాలు కాస్త చిన్నబోతాయి. చిన్న వ్యాపారులు మాత్రం కుర్చీ దగ్గరకు జరుపుకుంటారు. తమ డబ్బు ఏ బల్ల మీద ఆగిపోతుందో తెలిసినవాడు దొరికాడని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఈమధ్య నాకు అప్పగించినవారిలో లేబుళ్లు అచ్చువేసే చిన్న సంస్థ యజమానురాలు ఒకరున్నారు. "సార్, సరుకు ఎప్పుడో దించేశాం. అడిగితే బిల్లు చూస్తున్నామంటారు" అన్నారు. కాగితాలు తెప్పించి బల్ల మీద వరసగా పరిచాను. ఆర్డరులో లేబుళ్లు వేల లెక్కన ఉన్నాయి. ఆమె బిల్లులో రోళ్ల లెక్క. గోదామువాళ్లు ఇచ్చిన రసీదులో పెట్టెల లెక్క. మూడూ ఒకే సరుకు గురించే, కానీ ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు. ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు పరిమాణంలోనూ ధరలోనూ సరిపోలితేనే పెద్ద కంపెనీలో చెల్లింపు కదులుతుంది. సరిపోలని బిల్లును ఎవరూ తిప్పి పంపరు, ఎవరూ పాస్ చేయరు. అది ఒక జాబితాలో అలా పడి ఉంటుంది. పైగా చాలాచోట్ల చెల్లింపు గడువు సరైన బిల్లు అందిన రోజు నుంచే మొదలవుతుంది. "మేడమ్, ఇకపై వాళ్ల ఆర్డరులో ఏ లెక్క ఉంటే మీ బిల్లులోనూ అదే వేయండి, గోదాము రసీదు మీద కూడా అదే రాయించుకోండి" అన్నాను. ఆవిడ నన్ను అనుమానంగా చూశారు. ఇంతేనా అన్నట్టు.

ఇంతే. ఇలాంటివి తరగతి గదిలో ఎవరూ చెప్పరు. కెన్యా రాజధాని నైరోబీలోని దండోరా ప్రాంతంలో చిన్న వ్యాపారాలు నడిపే మహిళలపై జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. కొందరికి వ్యాపార పాఠాలు చెప్పారు. మరికొందరిని అదే ప్రాంతంలో వ్యాపారంలో ఆరితేరిన మహిళలతో జతచేశారు. పాఠాలు విన్నవారి లాభాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మెంటర్ దొరికినవారి లాభాలు సగటున 20 శాతం పెరిగాయి. సరుకు ఎక్కడ చౌకగా దొరుకుతుందో తెలియడం అందుకు ముఖ్య కారణం. ఆ జోడీలు విడిపోయాక ప్రయోజనమూ తగ్గిపోయింది. కార్పొరేట్ కార్యక్రమాలు మాత్రం ఇప్పటికీ స్లైడ్లు, ధ్రువపత్రాలు, గ్రూప్ ఫొటోల మీదే ఎక్కువ ఖర్చుపెడుతున్నాయి.

నేను ఎక్కువసేపు కూర్చునేది మాత్రం ఆర్డర్లు పెరుగుతున్న సంస్థలతో. ఆర్డర్లు రెట్టింపైతే బాగుపడ్డట్టేనని అందరూ అనుకుంటారు. కాగితం, సిరా, జిగురు కొన్నందుకు ఇప్పుడే చెల్లించాలి, జీతాలు నెలాఖరుకు ఇవ్వాలి, కొన్నవాడు ఇచ్చేది 60 రోజులకో 90 రోజులకో. పని రెట్టింపైతే మధ్యలో చేతినుంచి పెట్టుకోవలసిన సొమ్మూ రెట్టింపే. లెక్కల్లో లాభం చూపిస్తూనే జీతాలకు తడుముకునే పరిస్థితి ఇలాగే వస్తుంది. అందుకే రాబోయే 13 వారాలకు, అంటే ఒక త్రైమాసికానికి, పట్టిక గీయిస్తాను. వారం వారం వచ్చేది, పోయేది, మిగిలేది. బిల్లు తేదీ వద్దు, డబ్బు నిజంగా బ్యాంకులో పడే తేదీ రాయండి అంటాను. లేబుళ్ల ఆవిడ పట్టికలో 7వ వారానికి మిగులు సున్నా కిందికి దిగింది. ఎంతో సంతోషంగా ఒప్పుకోబోతున్న పెద్ద ఆర్డరు తాలూకు దెబ్బ అది. ఆర్డరును వదులుకోలేదు. సరుకు విడతలుగా పంపి, విడతకో బిల్లు వేసేలా మాట్లాడుకున్నారు.

ఒక విషయంలో మాత్రం నాకు భయం ఉంది. మెంటర్‌ను పంపే కంపెనీయే మీ సరుకు కొనే కంపెనీ అయితే, మీ ఖర్చుల చిట్టా ఆయనకు చూపించడమంటే మీ లాభమెంతో కొనుగోలు విభాగానికి చెప్పినట్టే కావచ్చు. వచ్చే ఏడాది ధర తగ్గించమని అడగడానికి వాళ్లకు అంతకన్నా ఏం కావాలి? అమెరికాలో చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏ నడిపే మెంటర్ కార్యక్రమం నిబంధనలు నాకు నచ్చడానికి కారణం ఈ భయమే. మెంటర్ సంస్థ ఒకేసారి మూడు చిన్న సంస్థలకు మించి చేరదీయకూడదు, చిన్న సంస్థలో 40 శాతానికి మించి వాటా తీసుకోకూడదు, ఒప్పందం ఆరేళ్లు దాటకూడదు. పెద్దవాడి చేయి ఎంతవరకు చాచవచ్చో ముందే గీత గీశారు. అదే దేశంలో 1964లో మొదలైన స్కోర్ అనే సంస్థలో రిటైరైన ఉద్యోగులూ వ్యాపారులూ స్వచ్ఛందంగా సలహాలిస్తుంటారు. అక్కడ మీ సరుకు కొనేది మెంటర్ కాదు కాబట్టి, ఖర్చుల చిట్టా విప్పడానికి మరీ అంత జంకనక్కరలేదు.

కాబట్టి చేరేముందు అడగండి: మెంటర్ ఏ విభాగం నుంచి వస్తున్నారు, నా లెక్కలు ఇంకెవరు చూస్తారు, ఈ గోప్యత కాగితం మీద ఉందా. ధైర్యముంటే ఇంకొకటీ అడగండి, ఈ కార్యక్రమం నడిపే కంపెనీ తన చిన్న సరఫరాదారులకు ఎన్ని రోజుల్లో చెల్లిస్తోందని. పోయినసారి వేదిక మీద ఈ ప్రశ్న నేనే అడిగాను. జవాబు మెయిల్లో పంపుతామన్నారు.