బరంపురం జైలు సంగతి

ఆగస్టు 10, ఆదివారం

పొద్దుట్నుంచీ ముసురే. అయినా మా వీధి తెలుగు పిల్లలు నోటుపుస్తకాలు పట్టుకుని వసారాలోకి వచ్చేశారు. మా బరంపురం ఒడిశాలో ఉంది కదా, బళ్ళో వీళ్ళకి ఒడియా, ఇంగ్లీషు. తెలుగు నేర్చుకునేది ఆదివారం నా దగ్గరే. పంద్రాగస్టు దగ్గర పడింది కదా, ఇవాళ గుణింతాలు పక్కన పెట్టి స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళ గురించి మాట్లాడుకుందాం అన్నాను.

గాంధీ, నెహ్రూ, కటకంలో పుట్టిన సుభాష్ బోసు, గడగడా చెప్పేశారు. ఇవాళ వి.వి.గిరి గారి పుట్టినరోజనీ, 1894లో ఈ బరంపురంలోనే తెలుగింట పుట్టి రాష్ట్రపతి అయ్యారనీ అంటే మాత్రం మొహమొహాలు చూసుకున్నారు.

నాలుగో తరగతి పిల్లాడొకడు అల్లూరి వేషం వేస్తున్నాడు. కాషాయం గుడ్డ, విల్లంబులు సిద్ధమైపోయాయి. "ఆయన ఎందుకు పోరాడారు నాన్నా?" అంటే "తెల్లవాళ్ళు చెడ్డవాళ్ళు గనక" అన్నాడు. వాడి తప్పేం లేదు, మనం చెప్పేది అంతవరకే. కానీ ఆ గడ్డం అంటించుకునేలోపు వాడికి పోడు సంగతి తెలియాలనిపించింది. అడవి చట్టాలు పోడు కొట్టుకోనివ్వకపోవడం, మన్యంలో రోడ్లు వేయించుకుని కూలి సరిగ్గా ఇవ్వకపోవడం, ఇవన్నీ వివరంగా చెప్పాను.

సుద్దముక్కతో గచ్చు మీద సీలేరు నది గీశాను. ఇవతల చింతపల్లి, అవతల మల్కనగిరి. చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి అల్లూరి తుపాకులు పట్టుకుపోయింది 1922 ఆగస్టు 22న. ఏటికి అవతల, మాథిలి పోలీసు స్టేషనుకి లక్ష్మణ్ నాయక్ జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది 1942 ఆగస్టు 21న. ఇరవై ఏళ్ళకి ఒక్క రోజు తక్కువ! ఈయన తెంతులిగుమ్మ అనే ఊరి గిరిజనుడు, గాంధీగారి దారి పట్టినవాడు. ఆయుధం పట్టలేదు. పోలీసులు కాల్పులు జరిపారు, జనం చనిపోయారు.

"ఇక్కడి జైల్లోనే ఆయన్ని ఉరి తీశారు. 1943 మార్చి 29న. 43 ఏళ్ళు."

"మన బరంపురం జైలా పిన్నీ? మా ఆటో రోజూ అటే వెళ్తుంది!" అంది ఆరో తరగతి పిల్ల. వెంటనే, "తుపాకీ పట్టని మనిషిని ఎలా ఉరి తీస్తారు?" అని నిలదీసింది.

పిల్లలు కదా అని దాటెయ్యబుద్ధి కాలేదు. ఆ గొడవలో రామయ్య అనే ఫారెస్టు గార్డు చనిపోయాడని, ఆ హత్య నాయక్ మీద మోపారని, ఆయన చెయ్యలేదనే ఇక్కడివాళ్ళందరూ నమ్ముతారని, నేనూ నమ్ముతానని చెప్పాను. ఆ గార్డుదీ ప్రాణమేనని కూడా చెప్పాను. దేశభక్తి నేర్పేటప్పుడు ఆ మాట మింగెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

వెళ్ళేముందు ఆ పిల్ల తానూ వేషం వేస్తానంది. లక్ష్మణ్ నాయక్ వేషమట. విల్లు అక్కర్లేదు, జెండా చాలు, ధోవతి మాత్రం కావాలంది. మా ఆయనదొకటి ఇస్త్రీ చేయించి ఇవ్వాలి. వాన తగ్గితే వచ్చే ఆదివారం అందర్నీ హుమ్మా ఉప్పుమడులకి తీసుకెళ్తాను. 1930లో మన గంజాం జిల్లావాళ్ళు ఉప్పు సత్యాగ్రహం చేసింది అక్కడేనని మడిగట్టు మీద నిలబెట్టి చెప్పాలి.