లైట్లు ఆర్పీండి బాబూ

మార్చిలో అమ్మమ్మగారి ఊరెళ్లాను. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున చిన్న పల్లె. తెల్లవారుజామున నాలుగింటికి మామయ్య లేపి ఒడ్డుకి తీసుకెళ్లాడు. సీజన్ ఉన్నన్నాళ్లూ తాబేళ్ల గుడ్లకి కాపలా ఆయన పని. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర రాత్రిపూట ఒడ్డుకొచ్చి, అడుగున్నర లోతు గుంట తవ్వి వందకి అటూఇటూగా గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి.

మేం వెళ్లేసరికి కంచె లోపల ఇసుక కదులుతోంది. ముందు ఒక ముక్కు, తర్వాత ఒక రెక్క. నల్లగా, ఒళ్లంతా ఇసుకతో, అరచేతిలో సగం కూడా లేదు. రెండడుగులు పాకి ఆగుతుంది, మళ్లీ పాకుతుంది.

అంతలో టౌన్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు ఫోన్ లైట్లు వేశారు. సముద్రం వైపు పాకుతున్న పిల్లలు కొన్ని వాళ్ల వైపు తిరిగిపోయాయి. నీటి మీద మెరిసే వెలుగే వాటికి దారి. "లైట్లు ఆర్పీండి బాబూ!" అని మామయ్య కేకేశాడు. పాపం, వాళ్లకి తెలీదు. వెంటనే ఆర్పేశారు.

విశాఖ దగ్గర రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చినప్పటి నుంచి మా వాళ్లకీ ఆశ పుట్టింది. సరుగుడు తోట కొట్టించి రిసార్టు కట్టిస్తే బాగుణ్ణని కొందరంటారు. నాకు మాత్రం భయమేస్తుంది. రాత్రంతా వెలిగే లైట్ల ముందు ఈ పిల్లలకి దారెలా దొరుకుతుంది? మా వాళ్లకి దక్కేదీ వాచ్‌మన్ ఉద్యోగమే.

అలాగని టూరిస్టులు వద్దనను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఇంజిన్ బోట్లు కదలవు. ఆ రోజుల్లో ఇంట్లో నాలుగు డబ్బులు ఆడాలంటే మనుషులు రావాల్సిందే. రాత్రికి పది మందే రావాలి, మా ఇళ్లలోనే ఉండాలి, పొద్దున్నే మాతో అలివి వల, అదే ఇంజిన్ లేకుండా ఒడ్డు మీంచి లాగే పెద్ద వల, తాడు పట్టి లాగాలి. తాడు పట్టినవాళ్లు చేపకి బేరమాడరని నా నమ్మకం.

ఆ కుర్రాళ్లు మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లోనే తిన్నారు. నెత్తళ్ల పులుసు, వేడన్నం. డబ్బులు తీసుకోడానికి పెద్దమ్మ మొహమాటపడితే ఐదొందలు గూట్లో పెట్టి వెళ్లారు. మర్నాడు సంతలో ఆవిడ ఆరు స్టీలు కంచాలు కొంది. తాబేలు పిల్లలు వెలుగు చూసి దారి తప్పకుండా మామయ్య తన టార్చికి ఎర్ర కాగితం అంటించి, ఇంకో నాలుగు టార్చీలు తెమ్మని నాకు డబ్బులిచ్చాడు.