బంకు మూతబడ్డాక ఆ జాగాలో నీళ్ల సంగతి ఎవరు చూడాలి?

హన్మకొండ, కాజీపేట వైపు పాత పెట్రోల్ బంకు జాగా అమ్మకానికి వస్తే కొనేవాళ్లు ముందు అడిగేది పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ రద్దయిందా లేదా అని. ఆ కాగితం చూపిస్తే చాలు, జాగా శుభ్రంగా ఉందనుకుంటారు. కానీ అది నిప్పుకు సంబంధించిన కాగితం. 2002 పెట్రోలియం రూల్స్ కింద పెసో పట్టించుకునేది పేలుడు, అగ్ని ప్రమాదాలను. ట్యాంకు కింది మట్టిలోకి ఎంత ఇంకిందో ఆ కాగితంలో ఉండదు.

నీళ్ల బాధ్యత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. 1974 నీటి చట్టం 24వ సెక్షన్ ప్రకారం తెలిసి బావిలోకి విషపదార్థం పోనివ్వడం కూడా నిషిద్ధమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో బంకులకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 165 లీటర్లు దాటి లీకైతే ఆ సంగతి ఆయిల్ కంపెనీయే ప్రభుత్వ అధికారులకు తెలపాలి. చిక్కల్లా చిన్న లీకుతోనే. పైపు జాయింటు దగ్గర రోజుకు లీటరు కారితే డిప్ రాడ్ (ట్యాంకులో ఎంత ఉందో కొలిచే కడ్డీ) లెక్కలో ఆవిరి నష్టం కింద కలిసిపోతుంది, ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు.

ట్యాంకులు తీసేటప్పుడే మట్టి పరీక్ష చేయించాలి, గుంత పూడ్చాక ఏమీ కనపడదు. ట్యాంకు ఖాళీ చేసి, లోపల పెట్రోలు ఆవిరి లేదని మీటరుతో చూసి, పైకి లేపిన వెంటనే రెండు చివర్ల అడుగున, నింపే పాయింటు కింద, పంపు మిషన్ల కింద, పైపు జాయింట్ల దగ్గర మట్టి తీయాలి. గుంత మధ్యలోంచి ఒక్క శాంపిల్ తీసి 'బాగుంది' అని రాసే రిపోర్టులు నమ్మదగ్గవి కావు. ట్యాంకు అడుగు మడ్డి ప్రమాదకర వ్యర్థం. పాత ఇనుముతో కలిపి అమ్మకూడదు, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే పోవాలి.

అసలు తప్పులు జరిగేది బోరు శాంపిల్ దగ్గర. మన దగ్గర పైన కొన్ని మీటర్లు మొరం, కింద గ్రానైటు. కేసింగ్ రాయి తగిలేదాకే దించుతారు, ఆ కింద పగుళ్లలోంచి నీరు వస్తుంది. పెట్రోలు నీటికన్నా తేలిక కాబట్టి పైన తేలుతుంది. మోటరేమో ఎంతో లోతున ఉంటుంది. ఆ నీళ్లు పట్టి పంపితే రిపోర్టు చక్కగా వస్తుంది, పైన నూనె పొర అలాగే ఉంటుంది. అందుకే పరిశీలన బోర్లు వేరుగా వేయాలి: భూగర్భజలం జాగాలోకి వచ్చే వైపు ఒకటి, జాగా దాటి పోయే వైపు కనీసం రెండు. జల్లెడ పైపు (నీరు లోపలికి రావడానికి చిల్లులుండే పైపు) మే నెల నీటిమట్టం నుంచి వానలు తగ్గాక ఉండే మట్టం దాకా రెండింటినీ కలుపుకోవాలి. ఎండాకాలం మట్టంతో పాటు పెట్రోలు కిందికి దిగి మట్టికి అంటుకుంటుంది, వానలకు నీరు పెరిగి మళ్లీ అందులో కరుగుతుంది. ఒక్క సీజన్ శాంపిలుతో తేల్చడం కుదరదు.

శాంపిల్ 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపాలి. ఆమ్లంతో పీహెచ్ 2 కన్నా తగ్గించి, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచితే 14 రోజుల్లోపు పరీక్షించవచ్చు. మినరల్ వాటర్ సీసాలో పట్టి ఎండలో బండి మీద తెస్తే పెట్రోల్లోంచి నీళ్లలో కలిసే బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది. ల్యాబును బెంజీన్, టోలీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ నాలుగూ విడివిడిగా అడగండి. మామూలు తాగునీటి ప్యాకేజీలో ఇవి ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బెంజీనుకు పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. అంతకు ఎన్నో రెట్లున్నా ముక్కుకు తెలియదు, 'వాసన లేదుగా' అన్న ధైర్యం పనికిరాదు. కాచి తాగుదామంటే ఆ ఆవిరి వంటింట్లోనే పీల్చుకుంటాం. పరీక్షలో సంగతి తేలేదాకా తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడాలి.

ఫిర్యాదుకు ఇప్పుడు మరో దారి ఉంది. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు నోటిఫై చేసింది. అనుమానమున్న జాగాల జాబితాను స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆపై మరో 90 రోజుల్లో పూర్తి సర్వే చేయాలి. కారకుడు తేలితే శుద్ధి ఖర్చు వాళ్లదే. కాబట్టి దరఖాస్తు మండలికి ఒక్కదానికే పంపి ఊరుకోవద్దు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు, అలాగే కార్పొరేషనుకు ఇచ్చి రసీదు తీసుకోండి. సర్వే నంబరు, బంకు నడిచిన ఏళ్లు, చుట్టుపక్కల బోర్ల దూరం, లోతు, ల్యాబ్ రిపోర్టు జత చేయాలి. 'జాబితాలో చేర్చండి' అన్న మాట దరఖాస్తులో స్పష్టంగా ఉండాలి.