దోమకీ వాటా ఉన్న దీపం

కార్తిక పౌర్ణమి రాత్రి మా దగ్గరి శివాలయంలో కాలు పెట్టే చోటు లేదు. 365 వత్తుల కట్టని నేతిలో ముంచడం, వెలిగించడం, ఫొటో తీసుకోవడం, వెళ్లిపోవడం. ఏడాది బాకీ ఒక్క రాత్రిలో తీర్చేసిన నిశ్చింత ఒక్కొక్కరి మొహంలో. ఆ కట్ట తప్పని అనను, మా ఇంట్లోనూ వెలిగిస్తాం. కానీ వెలిగించాక చెప్పుకోవాల్సిన శ్లోకం ఒక్కరి నోటా వినపడలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః
జలే స్థలే యే నివసంతి జీవాః
దృష్ట్వా ప్రదీపం న చ జన్మభాగినః
భవంతి నిత్యం శ్వపచా హి విప్రాః

ఇందులో వెలిగించినవాడు ఎక్కడున్నాడో వెతకండి. లేడు. నూనె పోసినవాడికి ఇంత పుణ్యం, నెయ్యి పోసినవాడికి అంత అన్న మాటే లేదు. పురుగు, దోమ, చెట్టు, నీళ్లలో ఉండేవి, నేల మీద ఉండేవి, చివరికి ఊరు దూరం పెట్టిన మనిషి. దీపం వాళ్ల కంట పడితే చాలు, మళ్లీ జన్మ లేదంటోంది. శ్లోకం బరువంతా ‘దృష్ట్వా’, అంటే ‘చూసి’ అన్న ఒక్క మాట మీదే ఉంది. ఫలం చూసినవాళ్లది. మన పని వెలిగించి పక్కకి తప్పుకోవడం.

తప్పుకోవడమంటే మాటవరసకి కాదు. చిన్నప్పుడు మా మామ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి ఈ శ్లోకం చదువుతుంటే నేను ముందుకెళ్లి కూర్చునేదాన్ని. ‘అడ్డు లేవే, గన్నేరు చెట్టుకి కనబడద్దూ?’ అని కసిరేది. చెట్టుకి కళ్లెక్కడివని నవ్వేదాన్ని. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. చెట్టుకీ ప్రమిదకీ మధ్య ఏమీ లేకుండా చూసుకునేది. ఆవిడకి సంస్కృతం రాదు, ‘వృక్షాః’ మాత్రం బాగా అర్థమైంది.

ఆకాశదీపం సంగతీ అంతే. చిల్లులున్న ఇత్తడి పాత్రలో దీపం పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగుతారు. పితృదేవతలకి దారి చూపడానికని పెద్దలు చెబుతారు, నిజమే. అంత ఎత్తున ఉంటే గుడి లోపలికి రాలేనివాళ్లకీ, గూట్లో పిట్టకీ కూడా కనబడుతుంది కదా!

పోలి కథ గుర్తుందా? అత్తగారు దీపానికి కావాల్సినవన్నీ దాచేసి నదికి వెళ్లిపోతే, కోడలు పోలి కవ్వానికి అంటిన వెన్నతో దీపం వెలిగించి, ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లించింది. మరి ఆ దీపాన్ని చూసిందెవరు? నాకెప్పుడూ అనిపిస్తుంది, ఆ బుట్ట కింద ఏ చీమో, చిన్న పురుగో ఉండే ఉంటుందని. పోలిని స్వర్గానికి తీసుకెళ్లడానికి విమానం దిగిందంటే, సాక్ష్యం చెప్పింది అవే కాబోలు.

ఇప్పుడు నది ఒడ్డుకి వెళ్లి చూడండి. అరటి దొప్పలు తక్కువ, థర్మాకోల్ పళ్లేలు ఎక్కువ. ‘జలే’ అని నోటితో అంటూ, ఆ నీళ్లలో ఉన్న చేపల మీదకే థర్మాకోల్ వదులుతున్నాం. దీపం ఆరాక ఆ ముక్కలు వాటి నోట్లోకే పోతాయి. మోక్షం ఇమ్మని ఎవరి కోసం అడుగుతున్నామో, వాటికేనా ఈ శిక్ష? దొప్ప దొరక్కపోతే నదిలో వదలకండి. ఇంటి ముందు మట్టి ప్రమిదలో పెట్టండి. గదిలో మూల కాదు, బయట, చెట్టూ పుట్టా చూసేలా. ఫొటో తర్వాత తీసుకోవచ్చు, ముందు శ్లోకం చెప్పండి. రాకపోతే తెలుగులోనే, ‘అందరూ చూడండర్రా’ అని పిలవండి.

నేనూ గుడి నుంచి వచ్చి మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒక్క ప్రమిద పెట్టుకున్నాను. ‘మశకాశ్చ’ దగ్గరికి వచ్చేసరికి మోచేతి మీద దోమ వాలింది. చెయ్యి లేచింది, ఆపుకున్నాను. శ్లోకం అయ్యాక ఏం చేశానో మాత్రం అడక్కండి.